మాట చివర

మా నాన్న భాషలో దీవికి ఒక్క అచ్చు చాలు.
పెదాలు 'ఓ'కి చుట్టి, లోపల 'ఏ' అనాలి,
అంతే, నీళ్ళ మధ్య నేల.
ఏరుకి ఇంకో అచ్చు.
"మీకు మాటల కరువా, నోటికి చలా?" అనేది అమ్మ.

అమ్మ భాషలో అచ్చులు మూడే.
ఆ మూడింటితోనే ఔసంగాతె మంచుకొండ కింద
వాళ్ళు ఆల్పాకాలని అదిలించారు,
పొలం గట్ల దగ్గర తిట్టుకున్నారు,
పిల్లలకి పేర్లు పెట్టారు.
మాట మొదలైతే ఇక తోక మీద తోక.
ఇల్లు, నా ఇల్లు, నా ఇంటినుంచి, నా ఇంటినుంచే కదా:
అంతా ఒక్క మాట,
మధ్యలో గుక్క తిప్పుకోనివ్వదు.

నాన్న పేరు ఫోల్కె.
వంతెన కొలవడానికి ఒకొంగాతె వెళ్ళాడు.
మొదటిరోజే రొట్టె అడిగాడు.
రొట్టెలో 'త' గొంతు దగ్గర చిట్లాలి,
పొయ్యిలో ఎండుపుల్ల చిట్లినట్టు.
ఆయన దాన్ని ఒత్తి 'థ' చేశాడు.
చింకిపాతలు కావాలన్నాడన్నమాట.
ఇలారియా అనే అమ్మాయి లోపలికెళ్ళి
నిజంగానే ఒక చిరుగుల గొంగడి తెచ్చిచ్చింది.
అది ఇప్పటికీ ఊమియోలో మా సోఫా మీదుంది.

స్వీడిష్‌లో 'వీ' ఒకటే.
ఎవరు లోపలో ఎవరు బయటో
మొహం చూసి తెలుసుకోవాలి.
క్వెచువాలో న్యొకాంచిస్ అంటే మనం,
న్యొకాయ్కు అంటే మేము, నువ్వు లేకుండా.
నాన్న టోపీ తీసి, చెమటలు తుడుచుకుని
"మేము పెళ్ళి చేసుకుంటాం" అన్నాడు.
"శుభం. ఎవరిని?" అంది అమ్మ.

ఊమియోలో 'అవును' అనడానికి నోరు విప్పరు.
గాలి చటుక్కున లోపలికి పీలుస్తారు. ష్వుప్.
మొదటి చలికాలం అమ్మకి తెలియక
పక్కింటి గునిల్లాకి ఉబ్బసమనుకుని
మూడు వారాలు కషాయం కాచి పోసింది.
ఆవిడ ప్రతిసారీ ష్వుప్ అంటూ తాగేసింది.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఏప్రిల్.
అమ్మ ఒకొంగాతెలో, జబ్బుపడ్డ వాళ్ళమ్మ పక్కన.
నాన్న సరస్సు మంచుకి కన్నం వేసి
చేపకోసం కూర్చున్నాడు.
ఒడ్డున నేను, ఫ్లాస్కులో చాక్లెట్ పాలు.
ఒక చప్పుడు.
ఆ చప్పుడికి రెండు భాషల్లోనూ నాకు మాట లేదు.

ఫోన్ నేనే చేశాను.
పప్పా ఎర్ డోడ్.
ఆ చివరి మాట మధ్యలో ఉన్నది దీవి అచ్చే.
ఎవరు చూశారు, ఎవరు విన్నారు,
నా వాక్యం అడగలేదు. స్వీడిష్ అడగదు.
అవతల అమ్మ వాకిట్లోకి వెళ్ళి
తనవాళ్ళకి చెప్పడం వినిపించింది.
మాట చివర 'సి' పెట్టింది.
పోయాడట.

తిరిగొచ్చేసరికి పెట్టె మూత బిగించేశారు.
తెరవొద్దన్నారు, మర్యాదగా.

బ్యాంకులో, చర్చిలో, పన్నుల ఆఫీసులో
అమ్మ స్పష్టంగా, నిబ్బరంగా 'చనిపోయాడు' అంటుంది.
ఇంటికొచ్చి దుంపలు చెక్కుతూ
తన భాషలో మళ్ళీ 'పోయాడట'.

పంతొమ్మిదేళ్ళు విన్నాను.
నిన్న రాత్రి ఉండబట్టలేక అరిచాను:
"బజార్లో పుకారు చెప్పినట్టు ఏంటమ్మా ఆ 'ట'?
నేను చెప్పాను కదా, నేను చూశాను కదా!"

కత్తి ఆగింది.
"చూశావు. అయితే 'మి' పెట్టి నువ్వు చెప్పు.
కళ్ళారా చూసినవాళ్ళ ప్రత్యయం అది.
నేను చూడలేదు.
చూడనిదానికి సాక్ష్యం చెప్పమంటే
నా నాలుక తిరగదు."

స్వీడిష్‌లో ఆ వాక్యం వందసార్లు అన్నాను,
టీచర్లకి, డాక్టర్లకి, ఒకసారి రైల్లో ఎవరికో.
అమ్మ భాషలో ఎప్పుడూ అనలేదు.
క్రియ వచ్చింది. దానిమీద ఒక తోక వచ్చింది.
ఇక మిగిలింది ఒక్క 'మి', గింజంత.
పెదాలు కలిసి విడిపోతే చాలు.
కలిశాయి.

"నువ్వు చూశావు కదూ?"
ఈసారి చాలా మెల్లగా అడిగింది.

గాలి లోపలికి పీల్చాను.
ష్వుప్.

అమ్మ ఇంకో దుంప అందుకుంది.