గొలుసు సాగదు

మొదటి నెలంతా కడగడమే.
గొలుసు లింకుల మధ్య ఎండి నల్లగా పేరుకున్న గ్రీజుని
కిరసనాయిల్లో ముంచిన పాత పళ్ళబ్రష్షుతో.
రాజాంలో, చీపురుపల్లి రోడ్డు రేకుల షెడ్డులో
నా ఐటీఐ సర్టిఫికెట్టు గోడమేకుకి తగిలించి
"అది సదువు, ఇది బండి" అన్నాడు తవిటయ్య మేస్త్రి.

ఆయనకి ఎడమ చెవి వినపడదు.
పొడవాటి స్క్రూడ్రైవరు మొన పంపు మీద ఆనించి
పిడిని దవడ ఎముకకి నొక్కుకుంటాడు.
కళ్ళు మూసుకుని, కాసేపాగి,
"గాలి మింగతంది. సక్షను పైపు సూడు" అంటాడు.
ఒక్కసారీ తప్పలేదు.
ఒక్కసారి తప్పింది. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయిలు ఎక్కడ కారుతోందో చేత్తో తడమబోతే
మణికట్టు మీద స్పానరుతో ఒకటిచ్చాడు.
"సూదంత బెజ్జంలోంచి కొట్టిన ఆయిలు
తోలు కోసుకుని నరంలోకెల్లిపోద్ది గుంటడా!
అట్టముక్క అడ్డెట్టు."
ఎత్తిన ఫోర్కు కింద కాదుగదా
దాని నీడలో కూడా నిలబడనివ్వడు.

ఓ రోజు గేజి పెట్టి కొలిచి
"గొలుసు సాగింది మేస్త్రీ" అన్నాను.
"గొలుసు సాగదురా. ఇనుమేటి, జంతికల పిండా?
లోపల పిన్నులు అరుగుతాయి.
ఒక్కోటీ ఎంట్రుకంత. పైకి కనబడదు.
అన్నీ కలిపితే పొడుగైనట్టుంటాది.
నూటికి మూడు దాటితే ఇంక మాటల్లేవు."

ఆ రాత్రి అన్నం తింటూ నాన్నని చూశాను.
ముప్పై ఏళ్ళ కళాసీ పని.
కుడి భుజం రెండంగుళాలు దిగింది.
మా వీధి టైలరు టేపు తియ్యకుండానే
చొక్కా ఆ వైపు తగ్గించి కుడతాడు.
నూటికి ఎంతవుతుందో లెక్కేయబోయి
మజ్జిగ పోసుకున్నాను.

కార్తీకం. గోగునార దిగే రోజులు.
పొగిరి దాటాక ఓ గోదాముకి వెళ్ళాం,
రెండేళ్ళ కిందట ఏ బండి వచ్చి
నాన్న జట్టుని ఇంటికి పంపేసిందో ఆ బండి దగ్గరికే.
బరువు పైకెత్తి ఆపి
మాస్టు మీద సుద్దతో గీత గీశాను.
పది నిమిషాలు ఊరికే చూడాలి, ఎంత జారుతుందో.
పది నిమిషాలంటే ఇంతుంటుందని అంతకుముందు తెలీదు.
గీత నిలబడింది.
దించి, గొలుసుకి గేజి పెట్టాను.
మూడుంపావు.

"ఈ సీజను గట్టెక్కించండి బాబూ,
మాఘంలో కొత్తదేసుకుందాం" అన్నాడు షావుకారు.
మేస్త్రి ఆయనకి వినపడని చెవి అటు తిప్పి
పెన్ను నా చేతికిచ్చాడు.
నా పేరు నేను అంత నెమ్మదిగా ఎప్పుడూ రాయలేదు.
ఎర్ర కార్డు స్టీరింగుకి కట్టి
తాళం జేబులో వేసుకున్నాను.

గొలుసు విశాఖపట్నం నుంచి రావాలి, నాలుగు రోజులు.
షావుకారు విసుక్కుంటూ ఎవరికో ఫోను చేశాడు.

మర్నాడు పొద్దున్న నేను గొలుసు విప్పుతుంటే
కొక్కెం భుజాన తగిలించుకుని, తలపాగా బిగించుకుంటూ
గోదాము తలుపులో మా నాన్న.
వెనక ఎనిమిది మంది. అప్పట్లో పద్నాలుగు.

ఆయన మొయ్యడం నేను నిజంగా ఎప్పుడూ చూడలేదు.
కట్ట వీపుకెక్కగానే ఆ దిగిన భుజంలో
కుదురులో కుండలా కూర్చుంది.
ఎర్ర కార్డు గాలికి ఊగుతోంది.
నాన్నకి కట్టే కార్డేదీ నా సంచిలో లేదు.
ఉన్నా, కట్టనిస్తాడా?

టీ వేళకి బండి దగ్గరకొచ్చాడు.
విప్పిన గొలుసుని చేత్తో ఎత్తి బరువు చూసి
"బాగానే ఉందేటిరా" అన్నాడు.
"పైకి కనబడదు నాన్నా."
"ఎన్నాళ్ళు పడుద్ది?"
"నాలుగు రోజులు."
తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.
పొద్దున్నుంచి మోసిన మనిషి మొహంలా లేదు.

"తొందరేటి లేదులే" అన్నాడు,
"జాగర్తగా సెయ్యండి."