కరెంటు పోతే పట్టుకునే బ్రేకు

రాత్రి మూడూ పదికి
రీగాలో, మా కింది అంతస్తులో,
టాలివాల్డిస్ గారి బల్ల మీది కంప్యూటరు
ఎవరూ చెప్పకుండానే
తనను తాను ఆర్పుకుంది.

దౌగవ నది గడ్డకట్టి అప్పటికి పదకొండు రోజులు.
టోక్యోలో మాత్రం పొద్దెక్కింది,
యెన్ల కోసం జనం ఎగబడుతున్నారు.

ఆయన నిద్రపోయే వేళకే
యూరోలు కొని, యెన్లు అమ్మి
కాపలా కూర్చుంది ప్రోగ్రాము.
"ఇంతకంటే దిగితే వదిలించుకో" అన్న ఒక్క మాటనీ
కడుపులోనే దాచుకుంది.
బ్రోకరుకు చెప్పలేదు.
గుట్టు బయటపడితే గద్దలు వాలతాయని
ఎక్కడో చదివాడట ముసలాయన.

అప్‌డేట్ వచ్చింది.
చుట్టంలా తలుపు తట్టలేదు,
దొంగలా తాళం పగలగొట్టలేదు.
తన దగ్గరున్న తాళంచెవితోనే వచ్చింది.

ఆ తాళంచెవి ఇచ్చింది నేనే.

అక్టోబరులో, కంప్యూటరు నత్తలా నడుస్తోందని పిలిస్తే వెళ్ళి
దుమ్ము దులిపి, చెత్త తుడిచి
"తనంతట తానే" అన్న గడిలో టిక్కు పెట్టాను.
"పాత కన్నాల్లోంచే తాతా దొంగలు దూరేది" అన్నాను.
అబద్ధం కాదు, ఇప్పటికీ కాదు.
ఊరవేసిన పుట్టగొడుగులు ఒక సీసాడు ఇచ్చి పంపాడు.
నేను చూసింది దొంగల్ని.
వేళ చూడలేదు.

పొద్దున్నే తెర మీద లేత నీలం,
దాని మీద తెల్లటి అక్షరాలు:
అంతా సిద్ధం, మీ కంప్యూటరు ఇప్పుడు మరింత భద్రం.
కింద పాస్‌వర్డు గడిలో ఒక సన్నటి గీత
ఆరుతూ వెలుగుతూ
ఐదు గంటలుగా ఆయన వేళ్ళ కోసం కాచుకుని ఉంది.
లోపల ప్రోగ్రాము ఇంకా లేవనేలేదు.
దాచుకున్న మాట
దానితోపాటే నిద్రపోయింది.

నాలుగు వేల నూరు యూరోలు.
కింది దవడకు నాలుగు పళ్ళు కట్టించుకోవడానికి
మూడేళ్ళుగా కూడబెట్టినవి.

తిడతాడనుకున్నాను.
టీ పెట్టాడు.
చక్కెర కలుపుతూ లిఫ్టుల గురించి మొదలుపెట్టాడు,
ముప్పై ఒక్కేళ్ళు వాటి కింద పడుకుని పనిచేసిన మనిషి.

"కరెంటు లిఫ్టును ఆపుతుందనుకుంటారు జనం.
కాదమ్మాయ్.
స్ప్రింగు ఎప్పుడూ పట్టుకునే చూస్తుంది.
కరెంటు దాని చెయ్యి విడిపిస్తుంది, అంతే.
కరెంటు పోయిందా,
గుప్పిట మూసుకుంటుంది,
పెట్టె ఉన్నచోటే ఉంటుంది.
బతికుంటేనే పట్టుకునే బ్రేకును
నా జన్మలో బిగించలేదు.
మరి ఇంట్లో, ఇదిగో ఈ బల్ల మీద,
నా చేతులతో నేనే బిగించుకున్నాను."

ఆ టిక్కు తీసేయనా అని అడిగాను.
నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.
"వద్దు" అన్నాడు.
"తలుపుకి గొళ్ళెం వద్దని ఎవరన్నారు?
ఎప్పుడు వేయాలో నేను చెప్తాను."

శనివారం మధ్యాహ్నం,
లోకంలో డబ్బు మారకాలన్నీ పడుకున్నాక
ఇద్దరం కూర్చుని అప్‌డేట్ పెట్టించాం.
చక్రం తిరుగుతున్నంతసేపూ
పొయ్యి మీది పాలు చూసినట్టు చూశాడు.

తరువాత, మిగిలినదాంట్లోంచి చిటికెడు పెట్టి ఉంచిన బేరానికి
వదిలించుకునే అంకెను ఈసారి
బ్రోకరు దగ్గరే రాయించాడు.
గద్దలు చూస్తే చూడనీ అన్నాడు.

అప్పుడు వంగి,
నన్ను అడగకుండా,
ప్లగ్గు పీకేశాడు.

తెర నల్లబడింది.
అందులో మా ఇద్దరి మొహాలు.
జేబులోంచి ఫోను తీసి, దూరంగా పట్టుకుని,
కళ్ళు చికిలించి వెతికాడు.
అంకె అక్కడే ఉంది.

"పట్టుకుంది" అన్నాడు,
పళ్ళు లేని వైపు నుంచి నవ్వుతూ.

నేను లిఫ్టులో పైకి వచ్చాను.
మా అంతస్తు దగ్గర ఎప్పటిలాగే చిన్నగా టక్కుమంది.
తలుపు తెరుచుకున్నా
కాసేపు అందులోనే నిలబడ్డాను.