కళింగపట్నం, నలభై రెండు

దీపస్తంభం ఆర్పీసినారు.
మూడు రేత్రులు మా తెప్పలు
చుక్కల్ని నమ్ముకుని ఒడ్డుకొచ్చినాయి.

నాలుగోనాడు తూర్పున ఉరిమింది. మబ్బు లేదు.
ఇమానాల్ని మోసే ఓడట, పేటంత ఉంటాదట
అన్నాడు రేవు బంట్రోతు.
మేం సూళ్ళేదు.
మాకు కొట్టుకొచ్చింది
నూనె తెట్టు, తడిసిన టీ పెట్టెలు,
పలక మీద ఇద్దరు మనుషులు.

ఒకడి మాట ఒకడికి తెలీదు.
ఒకడి నడుం తాడు
రెండోవోడి మణికట్టుకుంది.

మైలపల్లి దానయ్య ఇప్పబోయేడు.
పెదవల అల్లిన వేళ్ళు,
అయినా ముడి లొంగలేదు.
ఆఖరికి దాన్నొదిలీసి పక్కన కోసినాడు.

అమ్మ ఒకే ముంతలో సోడంబలి పోసింది.
ఎవుడు ముందు తాగాలో తెలక
ఇద్దరూ ఏడిసినారు.

ఆ ముడి మా దూలానికి ఇంకా ఉంది.
ఏ దేశపు ముడో.
వానొస్తే ఇప్పటికీ
ఉప్పు సెమరిస్తాది.