రెండో గీత

రాజేంద్రనగర్‌లో మా ల్యాబు.
జూన్ మొదటి వారం, వాన ఇంకా మాటల్లోనే ఉంది.
పరిగి నుంచి తొలి బస్సుకు వచ్చి
గంటన్నర బెంచీ మీద కూర్చున్నాడు బందయ్య.
ఒళ్లో పత్తి విత్తనాల ప్యాకెట్టు,
జ్వరమొచ్చిన పిల్లను తెచ్చినట్టు
తువ్వాల్లో చుట్టి.

"నకిలీదేమో సూడు మేడమ్.
పోయినేడు గులాబి పురుగు కాయకాయల దూరింది.
పరీక్ష జేయంది దుక్కిల ఎయ్య."

నలభై గింజలు లెక్కపెట్టాను.
గింజకొక గొట్టం, గొట్టానికొక ప్లాస్టిక్ రోకలి.
నూరడం మా అమ్మ నేర్పిందే,
పోసే నీళ్లు మాత్రం కంపెనీవి.
కాగితం పట్టీ ముంచి పది నిమిషాలు ఆగాలి.
ఒక గీత వస్తే పట్టీ పనిచేస్తోందని.
రెండో గీత వస్తే
మట్టిలోని ఓ సూక్ష్మజీవి జన్యువు
ఈ గింజలో కాపురం పెట్టిందని.

ఇలాంటి పట్టీ ఒకటి నేనూ పట్టుకున్నాను
అత్తాపూర్‌లో అద్దె ఇంటి బాత్రూంలో,
ఫ్లైఓవర్ పిల్లర్ల కింద బస్సుల మోత
తలుపు సందులోంచి వస్తుంటే.
పది నిమిషాలంటే ఎంతో అప్పుడు తెలిసింది.
ఏ గీత వచ్చిందో ఇక్కడ రాయను.

ముప్పై ఎనిమిది గింజలు రెండు గీతలన్నాయి.
రెండు గింజలు ఒక్కటే అన్నాయి.

బందయ్య వేలు ఆ రెండింటి మీదే దిగింది.
"గివే మేడమ్! గివే దొంగ గింజలు!"
టీ గ్లాసులతో వస్తున్న గఫూర్ భాయ్
గుమ్మం దగ్గరే ఆగాడు.

దొంగవి కావు, అన్నాను.
అవి పురుగుకు.

"పురుగుకా?"

పురుగుకే. నూటికి ఐదు.
కలపమన్నది సర్కారు, కలిపింది కంపెనీ,
పైసలు కట్టింది నువ్వు.
ఇదివరకు వేరే చిన్న ప్యాకెట్టు ఇచ్చేవాళ్లు కదా,
చేను చుట్టూ వేయమని?

"అదా! దాన్నెవ్వడేసిండు?
మా కొట్టంల దూలం మీద ఐదేండ్లయి ఉన్నయి.
సగం ఎలుకలు కొట్టినయి."

ఫీజు రసీదు వెనక బొమ్మ గీశాను.
ఎప్పుడో ఒకటి
ఆ ఆకు తిని కూడా చావని పురుగు పుడుతుంది.
దానికి జత కావడానికి
ఆ రుచి ఎరగని పురుగు పక్కనే బతికుండాలి.
అప్పుడు పుట్టేవి మళ్లీ లొంగుతాయి.
అన్నింటినీ చంపాలని చూస్తే
మిగిలేవన్నీ చావనివే.
మెత్తని పురుగు బతికితేనే
మందు బతుకుతుంది.

చెబుతూనే ఉన్నాను గాని నాకు తెలుసు,
గులాబి పురుగు ఆ రెండో గీతను
చదవడం ఎప్పుడో నేర్చుకుంది.
ఆ మాట రసీదు వెనక పట్టలేదు.
పట్టలేదనే అనుకున్నాను.

బందయ్య బొమ్మను అటూ ఇటూ తిప్పాడు.
"మా తాత జొన్న కోసినప్పుడు
మంచె కింద నాలుగు కంకులు ఇడిసెటోడు పిట్టలకు.
పిట్ట ఒక పాటన్న పాడుతది.
పురుగేం జేస్తది?"

నేను గొట్టాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.
గఫూర్ భాయ్ అన్నాడు,
"నీ మందును కాపాడుతది పటేలా."
బందయ్య నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

టీ చివరి గుటకలో అడిగాడు:
"ఆ ఐదేవో ముందే ఏరియ్యరాదు?
మంచియి నడుమ ఏస్త, దాని పాలు గట్టుకేస్త."

చూపుకు తెలియదయ్యా,
నూరితే గాని తెలియదు.
నూరినంక మొలవదు.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.
ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది.

బందయ్య ప్యాకెట్టు మూతి మడిచాడు,
తువ్వాలు చుట్టాడు, ముడి వేశాడు, మళ్లీ విప్పి చూశాడు.
"ఏది నాదో ఏది దానిదో
తెల్వకుంటనే ఏయాలె అన్నట్టు."

అన్నట్టే, అన్నాను.

"నలభై గింజలు నువ్వు నూరినవు గద,
గన్ని సాళ్లల్ల జాగ మిగులుతది.
కందులు పెడత."

మెహదీపట్నం బస్సు హారను వినబడితే పరుగెత్తాడు.
రసీదు బెంచీ మీదే మరిచాడు,
బొమ్మ పైకి కనబడేలా.
నలభై రోకళ్లు కడగాలి నేనింక.