లామినేషన్ చేయించిన రోజు

ఆసుపత్రిలో నా పని
ఏ గుండెను ఏ గంటకు తెరవాలో పట్టికలో రాయడం.
ఆరున్నరకు పెద్దాయన బైపాస్,
పదింబావుకు పసిబిడ్డ కవాటం,
మధ్యలో గది కడగడానికి ఇరవై అయిదు నిమిషాలు.
అలాంటిదాన్ని
శాండస్కీలో రోలర్ కోస్టర్లు ఎక్కడానికి
ఉత్త చేతులతో ఎలా వస్తాను?

పట్టిక వేశాను. లామినేషన్ కూడా చేయించాను,
నీళ్ళ రైడ్లున్నాయి కదా.
గేటు తియ్యగానే ఎడమకు తిరగాలి,
జనమంతా కుడికే పోతారు.
తొమ్మిదింబావుకు కొయ్యది, తొమ్మిదీ నలభైకి నీలంది.
పదకొండుకే భోజనం, ఆకలి వెయ్యకముందే,
వేసే వేళకు వరుస పెరిగిపోతుంది.
"ఇందులో ఒంటేలుకు టైమేదీ?" అన్నాడు పతంజలి.
చూపించాను.
ఉంది. రెండుసార్లు.

నా లెక్కలో లేనివి
ఈరీ సరస్సులోంచి రాత్రికి రాత్రి లేచొచ్చిన పురుగులు.
దీపస్తంభాలకీ, టికెట్ కిటికీలకీ, ఐస్‌క్రీమ్ బండి గొడుగుకీ
సన్నరెక్కల గుబుర్లు.
చెప్పుల కింద అటుకులు నలిగిన చప్పుడు.
తొలకరి రాత్రి దీపం మీద పడే ఉసిళ్ళనుకున్నాను.
కావట, వాటికి దూరపు చుట్టాలు కూడా కావట,
ఒక్క రోజు బతుకుతాయట.
మంచు తోసే పారతో వాటిని కుప్పపోస్తూ
డోరీన్ అనే ఆవిడ చెప్పింది.
(ఇది కవిత్వానికి పనికొస్తుందని నాకూ తెలుసు.
ఆ క్షణాన నాకు కనిపించింది మాత్రం
తొమ్మిదీ పదహారు.)

హంసిని కదల్లేదు.
కుప్ప ముందు గొంతుక్కూచుంది, ఎనిమిదేళ్ళ పిల్ల.
"అమ్మా, ఇదొక్కటి ఇంకా నడుస్తోంది."
పద, అన్నాను.
"దీనికి నోరే లేదంట. రెండేళ్ళు బురదలో ఉండి వచ్చిందంట."
పదవే, అన్నాను.
నా చేతిలో పట్టిక లాక్కుని
దాని మీదికి పురుగును ఎక్కించుకుంది, పళ్ళెంలో పెట్టుకున్నట్టు.
అది తొమ్మిదీ నలభై మీంచి పాక్కుంటూ పోయి
పదకొండు దగ్గర ఆగింది.
"పాపం, దీనికి లంచ్ వేస్టు," అంది.

నలభై నిమిషాలు.
టికెట్ ధరను నిమిషాలతో భాగించి చూశాను,
పతంజలికి చెప్పలేదు.

నీలందాని దగ్గరికి చేరేసరికి వరుస గంటన్నర.
ముందు నిలబడ్డ టొలీడో జంటకు పట్టికా లేదు, పాడూ లేదు,
ఎటు నీడుంటే అటు నడుస్తారట.
వాళ్ళూ అదే ఎండలో, నేనూ అదే ఎండలో.
తేడా ఒక్కటే,
ఎంత పోయిందో నాకు అణాపైసలతో తెలుసు.

న్యాయం కోసం ఇదీ చెప్పాలి.
మూడింటికి మబ్బు విరిగి పడ్డప్పుడు
ఆ జంట, ఆ జనం, తలమీద అట్టముక్కలతో పరుగెడుతుంటే
మేం పైకప్పు కింద బొమ్మలాట చూస్తున్నాం,
మూడో వరుసలో, పొడిగా.
రాసిపెట్టుకున్నాను మరి.
పతంజలి నా వైపు తిరిగి చిన్నగా తల వంచాడు,
పెళ్ళయిన పదకొండేళ్ళలో అలా వంచడం రెండోసారి.

పన్నెండింటిలో ఏడు ఎక్కాం.
ఏడోది కొయ్యది, రాత్రి పది కావస్తుండగా, వరుసే లేదు.
ఎత్తు మీద ఒక్క క్షణం
సరస్సు నల్లగా, చాలా దగ్గరగా.
ఆపైన నేను పెట్టిన కేక
ఏ గడిలోనూ రాసి లేదు.

పురుగు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.
హంసిని కారు ఎక్కకుండానే నిద్రపోయింది.

వచ్చే ఏటికి పట్టిక మొదలుపెట్టాను.
మొదటి గడిలో: డోరీన్, పురుగులు, నలభై నిమిషాలు.
పతంజలి పడీ పడీ నవ్వాడు.
నవ్వనీ.
అవి ఏ రాత్రి లేచి వస్తాయో
పార్కుకు ఫోన్ చేసి అడిగాను.
కాసేపు పాట వినిపించి
వాళ్ళకీ తెలియదన్నారు.