ఐదో జవాబు

నయీంనగర్ల జిరాక్స్ షాపు మీది గది.
రాత్రి పదకొండు.
లైసెన్సుకు ఇంక తొమ్మిది రోజులే గడువు.
ఇయ్యాల ఏడో పాఠం, స్టాల్.
నలభై నిమిషాలు నిండేదాక
'నెక్స్ట్' బటన్ బూడిద రంగులనే ఉంటది.

స్లయిడ్ల విమానం గీత గీసినట్టు పడుతది,
పెట్రోలు వాసన రాదు, ఎవలికీ చెమట పట్టది.

ప్రశ్న:
నేర్చుకునేటోడు స్టిక్ పట్టుకొని బిగుసుకపోతే
నేర్పేటోడు ముందుగాల ఏం జెయ్యాలె?
కింద నాలుగు జవాబులు.

తబస్సుమ్ గట్లనే పట్టుకున్నది,
రెండు చేతులతోని, కండ్లు మూసుకొని,
రెక్కలు గడగడ వణుకుతుంటే.
గుంజితే నా బలం సాలలే.
నేను అరవలే.
"బిడ్డా, నీ షూ లేసు ఊడింది" అన్న.
కిందికి చూసింది.
పట్టు ఇడిసింది.
ముక్కు దిగింది, రెక్కలకు గాలి దొరికింది.
లేసు కట్టే ఉన్నది.

'సి' నొక్కిన. పచ్చ టిక్కు.
అంతల కరెంటు పోయింది.
ఏడో పాఠం మళ్ల మొదటికెల్లి.

తెల్లారి మామునూరు దిక్కు వోతే
పాత రన్వే పగుళ్లల్ల గడ్డి,
మేస్తున్న ఒక మేక.
గాలిసంచి లేదు.
మేక చెవులు తూర్పుకు వాలినయి.
పడమటి గాలి,
దిగొచ్చు.