చీటీ ఊడిన మొక్క

అడిలైడ్ ఊరి ఉత్తరపు అంచున
మా నర్సరీ గేటు దాటగానే కుడివైపు
తెల్లగులాబీల బల్ల.
రెండు కొంటే మూడోది ఉచితం.
బ్యాంక్సియా వీధి అందానికి
ఇంతకన్నా రహస్యమేమీ లేదు.

వీధి పేరు బ్యాంక్సియా.
వీధి మొత్తంలో ఒక్క బ్యాంక్సియా మొక్క లేదు.

పదకొండేళ్లుగా బిల్లులు కొడుతున్నాను.
శనివారం నా గల్లా దాటిన బండి
ఆదివారం సాయంత్రానికి ఎవరి ముంగిలో అయిపోతుంది.
ఇంటికి నడిచి వెళ్తుంటే
నా రసీదులే మట్టిలో పాతుకుని పలకరిస్తాయి:
కొలబద్ద పెట్టి కత్తిరించిన మోకాలెత్తు కంచె,
గుమ్మానికి అటొకటి ఇటొకటి
బడి ఫోటోలో పిల్లల్లా బిగుసుకుని
కర్రకి కట్టేసిన గులాబీలు,
తెల్ల గులకరాళ్లు, బస్తా పద్నాలుగు డాలర్లు.

పుర్రెకో బుద్ధి అంటారు.
పెరటికో బుద్ధి ఉందేమో గానీ
ముంగిళ్లన్నిటికీ ఒకటే.
తప్పుపట్టను.
ముప్ఫయ్యేళ్ల అప్పు మీద లేచిన ఇంటి ముందు
జనవరి ఎండకి ఏది చావదో
అదే అందగత్తె.

ఒకసారి లాక్లన్ పెండర్‌గాస్ట్ వచ్చాడు,
నలభై ఏడో నంబరు, పైపుల పని.
"ఎవరింట్లోనూ లేనిది కావాలి" అన్నాడు.
ఎవరింట్లోనూ ఎందుకు లేదో
చెప్పబోయి ఊరుకున్నాను.
వెనక షెడ్డు నీడలో ఒక గడ్డిచెట్టు ఉండేది,
కాలిన మొద్దు లాంటి ఒళ్లు,
నెత్తిన దువ్వెన ఎరగని జుట్టు,
ధర చూసి అందరూ వెనక్కి నడిచేది.
భుజాన పసిబిడ్డలా మోసుకుపోయాడు.

ఆ చెట్టు ఏడాదికి వేలిగోరంత పెరుగుతుంది.
చలికాలం వచ్చేసరికి వీధిలో తొమ్మిది మొలిచాయి.
లాక్లన్ మళ్లీ వచ్చాడు,
పరీక్షలో తన కాగితం
నేనే పక్కవాడికి చూపించినట్టు
నావైపు చూస్తూ.
కాసేపు అటూ ఇటూ తిరిగి
తెల్లగులాబీలు మూడు తీసుకున్నాడు.

మూలమలుపులో జ్దెంకా హ్రుష్కా
ఈ పదకొండేళ్లలో ఒక్కసారీ
నా గల్లా ముందు నిలబడలేదు.
రైలుపట్టాల పక్కనుంచి పెకలించి తెచ్చిన ఉప్పుపొద,
వంటింట్లో మొలకెత్తినందుకు బతికిపోయిన దుంపలు,
చనిపోయిన మొగుడి చంకకర్ర పట్టుకుని టమాటా,
పాత టెలివిజన్ యాంటెనా మీద చిక్కుడు.
మునిసిపాలిటీ వాళ్లు రెండు ఉత్తరాలు రాశారు.
రెండూ చించి కుండీల అడుగున వేసింది.

"ఇవన్నీ ఎలా ఎంచుకున్నావు?" అడిగాను.
"ఎంచుకోవడమా?
వచ్చాయి.
నేను పొమ్మనలేదు."

నా ముంగిలి సంగతి చెప్పలేదు కదూ.
చీటీ ఊడిపోయిన మొక్కని
మా కంప్యూటర్ గుర్తుపట్టదు.
గుర్తుపట్టనిదాన్ని చెత్తబుట్టలో వేయాలి,
అది మేనేజర్ మాట.
నెలాఖరున వాటిని కోటు కింద దాచి తెచ్చుకుంటాను.
ఎంత ఎత్తో, ఎంత ఎండ కావాలో, ఏం రంగో
దానికీ చెప్పినవాళ్లు లేరు, నాకూ లేరు.
కొన్ని చచ్చాయి.
ఎంతో ముద్దుగా పెంచినదొకటి కలుపుమొక్కని తేలింది.
ఒక ముళ్లదైతే
కరెంటు మీటరు పక్కన రెండేళ్లు అలిగి కూర్చుంది.

మొన్న అక్టోబరులో పూసింది.

తెల్లగులాబీ.
గేటు దాటగానే కుడివైపు.

చేతిలో పళ్లెం పట్టుకునే
ఒక్కదాన్నీ నవ్వుకున్నాను.
కర్ర కట్టలేదు కాబట్టి
ఒళ్లు విరుచుకుని కాలిబాట మీదికి వాలింది,
ఆకులు సగం పురుగులకి,
పూలు దారిన పోయే కుక్కలకి.

జ్దెంకా సరుకుల బండి ఆపి
అందులో ముక్కు పెట్టింది.
నలభై గుమ్మాల ముందున్నదాన్ని
మొదటిసారి చూసినట్టు
"ఇదే దేశపుది?" అంది.
ఏ దేశమని చెప్పను?
"ఒక కొమ్మ ఇవ్వు" అంది.
తడి కాగితంలో చుట్టి ఇచ్చాను.

ఇప్పుడది ఆవిడ యాంటెనా పక్కన
చిక్కుడుతీగతో
జాగా కోసం పోట్లాడుతోంది.